పనిలేని కట్ట

1977 నవంబరు 5, శనివారం రాత్రి. అమెరికాలో జార్జియా రాష్ట్రపు ఈశాన్య మూల, బ్లూరిడ్జ్ కొండలు మొదలయ్యే చోట టొకోవా అనే చిన్న పట్నం. వాన తెరిపి ఇవ్వడం లేదు. బుధవారం పట్టిన ముసురు శనివారం సాయంత్రానికి కుండపోత అయింది. ఆరింటి నుంచి అర్ధరాత్రి లోపలే దాదాపు 9 సెంటీమీటర్లు కురిసింది. నాలుగు రోజులూ కలిపితే 18 సెంటీమీటర్ల దాకా తేలింది. మన కోస్తా వాళ్లకు ఇదీ ఒక వానేనా అనిపిస్తుంది. వాయుగుండం పడితే ఒక్క రాత్రిలో అంతకు రెట్టింపు చూసినవాళ్లం. నిజమే, అదంత పెద్ద వాన కాదు. ఆ మాట గుర్తుంచుకుని ముందుకు వెళ్దాం.

పట్నం శివార్లలో టొకోవా వాగు పక్కన ఒక బైబిల్ కళాశాల ఉంది. వాగు 186 అడుగుల ఎత్తు నుంచి ఒకే దూకుడుగా దూకే జలపాతం ఆ ఆవరణకే అలంకారం. నయాగరా కంటే ఎత్తయిన జలపాతమని అక్కడివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. ఎత్తు వరకైతే అది నిజం కూడా. జలపాతం దిగువన వాగు వెంట తరగతి గదులు, మగపిల్లల హాస్టలు, అధ్యాపకుల ఇళ్లు ఉండేవి. ఇంకాస్త కిందకు, పల్లపు నేలలో, పెళ్లయి పిల్లలున్న విద్యార్థులు కాపురాలు పెట్టుకున్న ట్రైలర్ ఇళ్ల వరసలు. చక్రాల మీద లాక్కొచ్చి నిలబెట్టే రేకు ఇళ్లవి. అద్దె తక్కువ, సంసారానికి సరిపోతాయి. పునాది మాత్రం ఉండదు.

జలపాతానికి పైన, వాగు వచ్చే దారిలో ఓ అర మైలు ఎగువన ఒక చెరువు. దాని పేరు కెల్లీ బార్న్స్. నలభై ఎకరాల నీళ్లు, ముందు ఒక మట్టికట్ట. కట్ట పొడవు 400 అడుగులు, ఎత్తు రాతి పునాది నుంచి 42 అడుగులు, పైన నడిచే వెడల్పు 20 అడుగులు. కింద ట్రైలర్లలో పడుకున్నవాళ్ల కంటికి అది ఆనదు. ఎగువన చెరువు ఉందని అందరికీ తెలుసు. ఈతకు, చేపలు పట్టడానికి వెళ్లే చోటది.

ఆ చెరువు మొదట్లో సరదా కోసం కట్టింది కాదు. 1899లో, కరెంటు ఇంకా వింతగా ఉన్న రోజుల్లో, కొండవాగు నీళ్లతో విద్యుత్తు తీయడానికి అక్కడ కర్ర దూలాల చట్రంలో రాళ్లు నింపి అడ్డుకట్ట వేశారు. కళాశాల 1911లో ఆ జలపాతం దగ్గరకు వచ్చి స్థిరపడింది. దానికీ కరెంటు కావాల్సి వచ్చింది. 1937లో, మరింత నమ్మకంగా విద్యుత్తు అందేలా, ఆ పాత రాతి అడ్డుకట్టను కదిలించకుండా దాని మీదే మట్టి పోసి కట్ట లేపారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఇంకాస్త మట్టి పోసి మరింత ఎత్తు చేశారు. అలా ఆ 42 అడుగులూ ఒక్కసారి కట్టినవి కావు. అవసరం పెరిగినప్పుడల్లా పొర మీద పొరగా లేచినవి.

ఊళ్లో చెరువు కట్టలు చూసినవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు. మనవి కూడా అలా లేచినవే. అయితే మట్టికట్ట ఎత్తు పెంచేటప్పుడు అడుగు వెడల్పు కూడా పెంచాలన్నది చెరువు పని తెలిసిన ప్రతివాడికీ తెలిసిన లెక్క. అడుగు ఎత్తుకు కనీసం రెండడుగుల పరుపు ఉంటే వాలు నిలుస్తుంది. మట్టి మెత్తనిదైతే అంతకంటే ఎక్కువే కావాలి. కెల్లీ బార్న్స్ కట్ట దిగువ వాలు కొన్నిచోట్ల అడుగుకు అడుగే ఉంది. ఎండాకాలం గట్టిగా కనబడే అలాంటి వాలు నీళ్లు తాగి బరువెక్కినప్పుడు తనంత తాను నిలబడలేదు.

1957లో విద్యుత్తు తీయడం ఆగిపోయింది. బయటి లైన్ల నుంచి కరెంటు తేలిగ్గా దొరికే కాలం వచ్చాక కొండ మీది చిన్న టర్బైనుతో ఎవరికి పని? యంత్రం మూలపడినా కట్ట అక్కడే ఉంది, నీళ్లూ ఉన్నాయి. ఆ ఏడాది నుంచి ఆ చెరువు వట్టి విహార స్థలం.

నా లెక్కలో ఈ గాథ మొదలు 1977 కాదు, 1957. టర్బైను తిరిగినన్నాళ్లు కట్టతో ఎవరికో ఒకరికి రోజూ పని ఉంటుంది. నీళ్లు లోపలికి లాగే చోట చెత్త అడ్డుపడితే యంత్రం మందగిస్తుంది. మట్టం తగ్గినా పెరిగినా కింద తెలిసిపోతుంది. గొట్టం కారితే వెతుక్కుంటూ వెళ్లక తప్పదు. ఎవరూ భద్రత పేరెత్తకపోయినా, పని కోసమే కట్ట దగ్గరకు ఓ మనిషి వెళ్తాడు. పని ఆగాక అక్కడికి వెళ్లేవాడు సరదాకు వెళ్తాడు. సరదాకు వెళ్లినవాడు కట్టెక్కి నీళ్లవైపు తిరిగి కూర్చుంటాడు. కట్ట జబ్బు పడేది ఎప్పుడూ వీపువైపే.

ఇరవై ఏళ్లు ఆ వీపుమీద చెట్లు పెరిగాయి. వాలు నిండా పైన్ చెట్లు, పొదలు. చూడటానికి పచ్చగా, కొండలో కలిసిపోయి అందంగా ఉండి ఉంటుంది. మట్టికట్టకు చెట్టు చేసే చేటు రెండు రకాలు. పెనుగాలికి మాను కూలితే వేళ్లు పట్టుకున్న మట్టి గడ్డంతా లేచిపోయి అక్కడ గొయ్యి పడుతుంది. కూలకుండా నిలబడి ఎండిపోయినా వేరు లోపల కుళ్లి, ఆ వేరు దారంతా సొరంగం అవుతుంది. నీటికి కావలసిందల్లా అలాంటి దారే. పొదల వల్ల ఇంకో నష్టం, అది అన్నిటికన్నా పెద్దది: వాలు మీద ఏం జరుగుతోందో కనిపించదు. ఎలుకలూ కుందేళ్లూ తవ్విన బొరియలు, పగుళ్లు, తడి మచ్చలు, ఊట అన్నీ ఆ పచ్చదనం కిందే ఉండిపోతాయి.

ఊట అనగానే కంగారుపడక్కర్లేదు. నీరు కొద్దిగానైనా ఊరని మట్టికట్ట ప్రపంచంలో ఉండదు. కట్ట మొదట్లో తేటగా, ఏడాది పొడుగునా ఒకే తీరుగా చెమ్మగిల్లే నీరు అంత ప్రమాదం కాదు. ఆ నీరు మట్టిరంగుకు తిరిగినా, ఉన్నట్టుండి ఎక్కువైనా ఆలోచించాలి. రంగు మారిందంటే నీరు వట్టి చేతులతో రావడం లేదు, లోపలి మట్టిని రేణువు రేణువుగా మోసుకొస్తోంది. బయట చిల్లు పడ్డ చోటు నుంచి ఆ సొరంగం వెనక్కి, నీళ్లవైపు పెరుగుతూ పోతుంది. బుంగ పడింది అని మన ఊళ్లలో అనేది దీన్నే. చెరువును ముట్టేసరికి గండి ఖాయం. దీనికి నూరేళ్లుగా తెలిసిన మందు ఒకటే. కట్ట దిగువన సన్న ఇసుక, ముతక ఇసుక, కంకర వరసగా పొరలు వేస్తే నీరు బయటికి వస్తుంది, మట్టి లోపలే ఆగుతుంది. కట్టేటప్పుడే ఇంజనీరు ఉండి గీసిన కట్ట అయితే ఆ పొరలు ఉంటాయి. కెల్లీ బార్న్స్ అలా పుట్టిన కట్ట కాదు.

హెచ్చరిక రాలేదా అంటే, వచ్చింది. 1973లో దిగువ వాలు ఒకచోట జారింది. దాదాపు 12 అడుగుల ఎత్తు, 30 అడుగుల వెడల్పున మట్టి కిందికి దిగిపోయింది. ఆ జారుడు ఫొటోల్లో కూడా పడింది. మట్టికట్ట మాట్లాడగలిగిన భాష అంతే. అడుగుకు అడుగు వాలు, దాని మీద చెట్లు, ఇప్పుడు జారిన మచ్చ: ఈ మూడింటినీ ఒక కాగితం మీద రాసి ఏ ఇంజనీరుకు చూపించినా ముందు నీళ్లు దించమని చెప్పేవాడు. అయితే అలా రాసి చూపించే బాధ్యత జార్జియాలో ఎవరిదీ కాదు. ప్రైవేటు ఆనకట్టలను తనిఖీ చేసే చట్టం అప్పటికి ఆ రాష్ట్రంలో లేదు. జారిన నాలుగేళ్లకు ఈ వాన వచ్చింది.

శనివారం రాత్రి చెరువు మామూలు మట్టాన్ని దాటి ఎక్కుతోంది. మామూలుగా నిండితే 410 ఎకరా అడుగుల నీరు ఉండే చెరువులో అర్ధరాత్రి దాటేసరికి 630 ఎకరా అడుగులు చేరింది. మనకు అలవాటైన లెక్కలో చెప్పాలంటే అది టీఎంసీలో ముప్పై ఆరో వంతు. పేపర్లో రాయడానికి కూడా చాలనంత చిన్న అంకె. అలుగు పారుతోంది. కట్ట మీద నుంచి నీరు పొర్లిందనడానికి ఆధారం లేదు. అంటే చెరువు తన సామర్థ్యం మించి పోటెత్తడం వల్ల జరిగింది కాదిది. ఎప్పుడో ఒకనాడు మోయాల్సి వచ్చే మట్టాన్నే కట్ట ఆ రాత్రి మోస్తోంది.

కళాశాలలో వాలంటీరు అగ్నిమాపక దళం ఒకటి ఉండేది. అక్కడే ఉద్యోగాలు చేసుకునేవాళ్లు, చదువుకునేవాళ్లు అందులో సభ్యులు. వాగు పెరుగుతుంటే ఆ రాత్రి వాళ్లకు నిద్ర పట్టలేదు. కట్ట సంగతి ఏమైందోనని చూసి వచ్చారు. ప్రమాదమేమీ వాళ్ల కంట పడలేదు. వాళ్లను తప్పుబట్టే హక్కు ఎవరికీ లేదు. నడిరాత్రి, జోరువానలో, పొదలు కప్పేసిన 42 అడుగుల వాలు మీద టార్చి వేస్తే ఏం తెలుస్తుంది? ఎక్కడ చూడాలో పగటి వెలుతురులో పదిసార్లు చూసి పెట్టుకున్నవాడికే రాత్రి తేడా కనిపిస్తుంది. కట్ట కాపలా తుపాను రాత్రి మొదలుపెట్టే పని కాదు.

ఆ సమయంలో లోపల ఏం జరుగుతోందో తరవాత నిపుణులు అంచనా కట్టారు. నాలుగు రోజుల వాన పైనుంచి వాలును తడిపింది. పెరిగిన మట్టం వెనక నుంచి తోసింది. మట్టి రేణువుల సందుల్లో చేరిన నీటికి ఒత్తిడి వచ్చి, ఒక రేణువును ఇంకో రేణువు పట్టుకునే పట్టు సడలింది. బరువు పెరిగింది, పట్టు తగ్గింది. నిటారు వాలులో ఒక ముక్క జారింది. బహుశా లోపలి నుంచి మట్టిని లాక్కుపోయే ఊట కూడా దానికి తోడయింది. జారిన చోట కట్ట పైభాగం సన్నబడి కుంగింది. కుంగిన చోటు నుంచి నీరు దారి చేసుకుంది. మట్టి మీద పారే నీటికి నిమిషాలు చాలు.

ఆదివారం తెల్లవారుజామున ఒంటిగంటన్నర ప్రాంతంలో కట్ట తెగింది.

దెబ్బ తీసింది నీటి మొత్తం కాదు, అది ఒక్కసారిగా రావడం. గండి నుంచి ఎగదన్నిన ప్రవాహం దాదాపు 24,000 క్యూసెక్కులని అమెరికా భూగర్భ సర్వే సంస్థ ఆ తరవాత లెక్కగట్టింది. నాగార్జునసాగర్ కుడి కాలువ, ఎడమ కాలువ రెండూ నిండుగా పారితే 22,000 క్యూసెక్కులు. అంతకు మించిన నీరు ఒక కొండవాగులోకి, చీకట్లో, చెట్లనూ బండలనూ దొర్లించుకుంటూ దిగి 186 అడుగుల జలపాతం మీదుగా నిద్రపోతున్న ఇళ్ల మీదకు దూకింది. కట్టకూ ఇళ్లకూ మధ్య దూరం కొద్ది నిమిషాలు. సైరన్లు లేవు, కట్ట తెగితే ఎవరు ఎటు పరుగెత్తాలన్న ఏర్పాటు లేదు. శబ్దం విని లేచినవాళ్లకు దొరికింది తలుపు దాకా వెళ్లే వ్యవధి.

హాస్టలు కింది అంతస్తులో నీరు నిండింది. వాగు పక్క ఇళ్లు పునాదుల మీద నుంచి లేచాయి. అన్నిటికన్నా ఘోరం ట్రైలర్ ఇళ్ల దగ్గర జరిగింది. పునాది లేని రేకు పెట్టెలు నీటిలో తేలి, ఒకదాన్నొకటి గుద్దుకుంటూ, లోపల మనుషులతో సహా కొట్టుకుపోయాయి. పిల్లను ఒక చేత్తో, కొమ్మను ఒక చేత్తో పట్టుకుని మిగిలిన తండ్రులున్నారు, ఏదీ మిగలనివాళ్లున్నారు. ఇళ్లవాళ్లను లేపడానికి ఉరికిన వాలంటీర్లలోనూ ప్రాణాలు పోయాయి. కాసేపటి క్రితం కట్ట మీదికి వెళ్లి చూసి వచ్చిన దళం వాళ్లే వాళ్లు.

చెరువంతా ఖాళీ కావడానికి ఎంతోసేపు పట్టలేదు. వచ్చినంత వేగంగానే వరద తీసింది. తెల్లవారేసరికి వాగు మళ్లీ వాగులాగే ఉంది. బురద, విరిగిన పైన్ మాన్లు, నలిగిన రేకులు, బోర్లాపడ్డ కార్లు. 39 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది పిల్లలు. దాదాపు 60 మందికి గాయాలు. 9 ఇళ్లు, 18 ట్రైలర్ ఇళ్లు, 2 కళాశాల భవనాలు ఆనవాలు లేకుండా పోయాయి. వంతెనలు తెగాయి. టొకోవా పట్నానికి వెళ్లే నీళ్ల గొట్టాలు దెబ్బతిని, ఊరి తాగునీరు కలుషితమైంది.

అప్పటి అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ జార్జియావాడే. ఆయన సతీమణి రోజలిన్ ఆ ఆదివారమే టొకోవాకు వచ్చి బతికినవాళ్లను పలకరించారు. అమెరికా పత్రికల మొదటి పేజీలన్నీ ఆ వార్తతో నిండాయి. తెలుగు పాఠకులకు అది గుర్తుండే అవకాశం తక్కువ. సరిగ్గా పదమూడు రోజులకు, అదే నవంబరు 19న, దివిసీమ మీద ఉప్పెన పడింది. వేల శవాలు లెక్కపెట్టుకుంటున్న మనకు ఎక్కడో కొండల్లో చెరువు కట్ట తెగిన సంగతి ఎందుకు పడుతుంది.

జార్జియా గవర్నరు జార్జ్ బస్బీ కోరిక మీద ఫెడరల్ దర్యాప్తు బృందం దిగింది. నెలన్నరలో, డిసెంబరు 21న, నివేదిక ఇచ్చింది. ఎవరి మీదైనా వేలు చూపిస్తుందని ఎదురుచూసినవాళ్లకు అది నిరాశే మిగిల్చి ఉంటుంది. ఇదీ కారణమని ఒక్కటి తేల్చలేమని ఆ బృందం రాసింది. నిటారు వాలు ఒకచోట జారడం, దానికి లోపలి ఊట కోత తోడవడం, పైభాగం తెగడం, తడిసిన కట్ట మొత్తం కూలడం – ఈ వరసే ఎక్కువ సంభవమని చెప్పి ఆగింది. అందులో చేతకానితనమేమీ నాకు కనిపించదు. సాక్ష్యం కట్టే. అది వాగులో కొట్టుకుపోయింది. ఏ ఏడాది ఏ మట్టి, ఏ వాలులో పోశారో చెప్పే నక్షాలు ఉండి ఉంటే దర్యాప్తు ఇంకాస్త ముందుకు వెళ్లేదేమో. ఒక్కొక్క తరం ఒక్కొక్క పొర పోసిన కట్టకు చరిత్ర మనుషుల జ్ఞాపకాల్లోనే ఉంటుంది.

ఇంతకన్నా నాకు కోపం తెప్పించేది ఇంకొకటి ఉంది. ఈ ప్రమాదానికి ఐదేళ్ల ముందు, 1972లో, అమెరికాలో రెండు కట్టలు తెగాయి. ఫిబ్రవరిలో వెస్ట్ వర్జీనియా బఫెలో క్రీక్ దగ్గర బొగ్గు గని వ్యర్థాలతో పోసిన కట్ట తెగి 125 మంది పోయారు. జూన్‌లో సౌత్ డకోటా ర్యాపిడ్ సిటీలో వరద వచ్చి, పట్నం అంచున విహారానికి ఉంచుకున్న కేన్యన్ సరస్సు కట్ట కూడా తెగింది. ఆ వరదలో 238 మంది చనిపోయారు. ఆగస్టులో అమెరికా కాంగ్రెస్ ఆనకట్టల తనిఖీకి జాతీయ చట్టం చేసింది. పని సైనిక ఇంజనీర్ల దళానికి అప్పగించింది. వాళ్లు దేశమంతా తిరిగి ఆనకట్టల జాబితా తయారుచేశారు. దాదాపు 49,000 తేలాయి. జాబితా వరకు డబ్బు వచ్చింది. వెళ్లి కట్ట ఎక్కి చూడటానికి రాలేదు. కెల్లీ బార్న్స్ తెగిన రోజుకు చట్టానికి ఐదేళ్లు నిండాయి. తనిఖీ మొదలే కాలేదు.

కార్టర్ ఆదేశంతో ఆ డబ్బు డిసెంబరుకల్లా కదిలింది. తెగితే మనుషులు చనిపోయే చోట ఉన్న ప్రైవేటు, రాష్ట్ర ఆనకట్టలను నాలుగేళ్లలో చూసి రమ్మని పంపితే, 1981కి దాదాపు 8,800 కట్టల తనిఖీ పూర్తయింది. వాటిలో మూడో వంతు, అంటే 2,900 పైచిలుకు, సురక్షితం కాదని తేలాయి. ఎక్కువ కట్టలకు రాసిన లోపం ఒకటే: పెద్ద వరద వస్తే అలుగు చాలదు. ఆ తనిఖీ నివేదికలు ఏ కొండ పక్క చెరువుకైనా పనికొచ్చే పాఠ్యపుస్తకాలు. ఇంజనీరు వెంట మోసుకెళ్లిన యంత్రాలేవీ పెద్దగా లేవు. కట్ట వెంట నడిచి చూడటం, చెట్టు కనబడితే రాసుకోవడం, అలుగు వాయిలో మొలిచిన పొదలు కొలవడం, అడుగు తూము తలుపు తిప్పి చూడటం. తూము తిరగడమే ముఖ్యం. తూము పనిచేస్తే అనుమానం వచ్చిన రోజు చెరువు దించుకోవచ్చు. తుప్పు పట్టి బిగుసుకుపోతే చూస్తూ కూర్చోవడమే.

జార్జియా 1978లో తన సొంత చట్టం చేసుకుంది. దాని పద్ధతి నాకు నచ్చింది. 25 అడుగుల ఎత్తున్న కట్ట, లేదా 100 ఎకరా అడుగులు పట్టే చెరువు ఆ చట్టం కిందకు వస్తుంది. ఆ తరవాత చూసేది కట్టను కాదు, కట్ట కింద ఉన్నదాన్ని. తెగితే ప్రాణనష్టం జరుగుతుందనుకుంటే మొదటి తరగతి. నిన్నటి దాకా రెండో తరగతిలో ఉన్న కట్ట కింద, వరద పారే దారిలో రేపు ఇల్లు లేస్తే, దాన్ని మళ్లీ లెక్కవేసి మొదటి తరగతిలోకి మార్చాలి. కట్ట ఒక్క అంగుళం మారకపోయినా ప్రమాదం మారుతుందని ఒప్పుకున్న చట్టమది. టొకోవాలో జరిగింది సరిగ్గా అదే. కరెంటు కోసం కట్టిన రోజున కట్ట కింద అన్ని సంసారాలు లేవు. కళాశాల పెరిగే కొద్దీ పల్లంలో ట్రైలర్లు వచ్చి చేరాయి, కట్ట మాత్రం ముసలిదవుతూ వచ్చింది.

ఆ చెరువును మళ్లీ కట్టలేదు. కళాశాల అక్కడే ఉంది. జలపాతం కింద 39 పేర్లతో స్మారకం ఉంది. జలపాతం చూడటానికి జనం ఇప్పటికీ వస్తారు.

ఈ గాథ చదివినప్పుడు నా మనసు హైదరాబాద్ చెరువుల వైపు పోయింది. మన చెరువులు పంట కోసం పుట్టాయి. ప్రతి చెరువుకూ ఒక నీరటి. తూము ఎత్తడం, దించడం, వానాకాలం రాత్రిళ్లు కట్ట మీద తిరగడం, బుంగ కనబడితే ఊరిని లేపి గడ్డీ మట్టీ కుక్కించడం అతని వృత్తి. పొలానికి నీరందకపోతే నిలదీసే రైతులుండేవారు కాబట్టి ఆ కట్టకు కాపలా ఉండేది. నగరం మీద పడ్డాక ఆయకట్టు పోయింది. మళ్లలో కాలనీలు లేచాయి. నీరటి పోయాడు. మిగిలిన నీళ్ల చుట్టూ నడక బాటలు, రంగు దీపాలు, పడవలు వచ్చాయి. వాటిని తప్పుపట్టను, ఊపిరాడని ఊరికి ఆ మాత్రం గాలి కావాలి. 1957 తరవాత కెల్లీ బార్న్స్‌కు జరిగింది ఇదేనని మాత్రం చెప్పక తప్పదు. 2020 అక్టోబరు వానల్లో బాలాపూర్ గుర్రం చెరువు కట్టకు గండి పడింది. కింద ఉన్నవి ఆయకట్టు మళ్లు కావు, పాతబస్తీ కాలనీలు. ఇళ్లలోకి వరద వచ్చాకే తమ ఇంటి ఎగువన చెరువు ఉందన్న సంగతి చాలామందికి తలకెక్కింది.

మనకూ 2021లో ఆనకట్టల భద్రతా చట్టం వచ్చింది. 15 మీటర్లు దాటిన ఆనకట్టలన్నీ దాని కిందకు వస్తాయి. 10 నుంచి 15 మీటర్ల మధ్యవాటికి షరతులున్నాయి: పొడవు 500 మీటర్లకు తగ్గకూడదు, లేదా చెరువులో 10 లక్షల ఘనపు మీటర్ల నీరు పట్టాలి, లేదా సెకనుకు 2,000 ఘనపు మీటర్ల వరదను తట్టుకునేదై ఉండాలి. ఇవేవీ కాకపోతే పునాదిలో పెద్ద చిక్కులున్నదో, అసాధారణ నిర్మాణమో అయి ఉండాలి. పెద్ద ప్రాజెక్టులను దృష్టిలో పెట్టుకుని రాసిన కొలతలు కాబట్టి అందులో ఆశ్చర్యం లేదు. తెలంగాణలోనే 46 వేలకు పైగా చెరువులున్నాయి, వాటన్నిటినీ ఢిల్లీ చట్టంలోకి లాగడం కుదరదు కూడా. అయినా ఆ కొలతల పక్కన కెల్లీ బార్న్స్‌ను నిలబెట్టి చూశాను. ఎత్తు 13 మీటర్ల లోపే. పొడవు 122 మీటర్లు, 500కు చాలా దూరం. తెగిన రాత్రి అందులో ఉన్న నీరు 7.8 లక్షల ఘనపు మీటర్లు, పదికి తక్కువ. తెగినప్పుడు పారిన వరద సెకనుకు 680 ఘనపు మీటర్లు, 2,000లో మూడో వంతు. అంకెల్లో ఒక్కటీ తగల్లేదు. 39 మందిని మింగిన కట్ట ఇక్కడ ఉంటే, ఎవరైనా అధికారి పునాది పేరో, వింత నిర్మాణం పేరో చెప్పి పట్టుబట్టి లోపలికి తేవాలి తప్ప, మన చట్టం లెక్కలో అది ఆనకట్టే కాదు.